పులిగారి ప్రమోషన్

ఒక పెద్ద అడవిలో ఒక ఆఫీసు ఉండేది. అడవికి ఆఫీసెందుకని అడక్కండి. మనకెందుకుందో మీరు చెబితే, దానికెందుకుందో నేను చెబుతాను.

ఆఫీసంటే మరేమీ లేదు. మద్దిచెట్టు కింద ఒక రాతి అరుగు, అరుగు మీద బండరాయి కుర్చీ, చెట్టు బోదెకి ఆనించిన ఒక పలక. ఆ పలక మీద అడవినంతా నాలుగు మెట్లుగా గీసి పెట్టారు. అడుగు మెట్టు మీద గరిక. ఎండనీ నీటినీ కలిపి తిండి వండటం పలక మీదున్నవాళ్ళలో దానికొక్కదానికే చేతనవును. దాని పైన ఆ గరికని తినే జింక. జింక పైన నక్క. ఎలుకల్నీ పీతల్నీ తింటుంది, పులి తిని వదిలేసిన జింకనీ నాకుతుంది గనక ఆ మెట్టు. అన్నిటి పైనా పులి.

"తినేవాడు పైన, తినబడేవాడు కింద." ఆ ఆఫీసుకి ఉన్నది ఈ ఒక్క రూలే.

పలక అడుగున, ఓ మూల, సగం చెరిగిపోయిన అక్షరాల్లో "ఇతరములు" అని ఉండేది. అందులో వానపాము ఉండేది. చచ్చినవీ రాలినవీ కుళ్ళినవీ తిని మట్టి చేసే జీవానికి మెట్టేమిటిలే అనుకున్నారు కాబోలు. అది కూడా ఎప్పుడూ నోరు తెరిచి అడగలేదు. దాని నోట్లో ఎప్పుడూ మట్టే ఉండేది మరి.

ఆఫీసు హెడ్ గుమాస్తా ఒక ముళ్ళపంది. పేరు పానకాలు. ఆయనకి ఆ ఉద్యోగం ఎందుకిచ్చారంటే, కలం ఆయన ఒంటి మీదే మొలుస్తుంది. ఆర్డరు రాయాల్సొచ్చినప్పుడల్లా "అబ్బా" అంటూ ఒక ముల్లు పీక్కుని, కొస కొరికి, నేరేడు రసంలో ముంచి టేకాకు మీద రాసేవాడు. రూలు ఒక్క వెంట్రుకవాసి తప్పినా ఒప్పుకునేవాడు కాదు. రూలు ప్రకారం ఎంత ఘోరం జరిగినా ఆయనకి అభ్యంతరం ఉండేది కాదు. ఇలాంటి మహానుభావులు మీకూ తెలుసు. పేర్లు చెప్పి నా నోరు పాడుచేసుకోను.

కార్యదర్శి నక్క గుర్నాథం. పదేళ్ళుగా పులి కుర్చీ పక్కన నిలబడి తోకతో ఈగలు తోలుతున్నాడు. ఆ కుర్చీ వెనక చల్లటి గుహ ఒకటుంది. గుహలోంచి గాలి వచ్చి ఒంటికి తగిలినప్పుడల్లా గుర్నాథానికి కడుపు మండిపోయేది.

ఒకరోజు పొద్దున్నే జింకల సంఘం పెద్ద నూకాలు ఆఫీసుకొచ్చింది. వచ్చీ రాగానే అరుగు ముందు కూలబడి ఏడుపు లంకించుకుంది.

"పోయిన నెల పులి దొర మా అక్కని తినేశాడు బాబూ. వాగు దగ్గర నీళ్ళు తాగుతున్నదాన్ని, గుక్క మింగనివ్వలేదు. అంతకు ముందు మా పెద్దమ్మ. ఇప్పుడు మందలో పెద్దదాన్ని, నెమ్మదిగా పరిగెత్తేదాన్ని నేనే. ఈసారి నా వంతే. నాకు బతకాలనుంది గుర్నాథం బాబూ. ఏదో ఒకటి చెయ్యి."

గుర్నాథం చుట్టూ చూశాడు. పులి గుహలో గురకపెడుతున్నాడు. పానకాలు ఆకులు దొంతర పెట్టుకుంటున్నాడు.

"నూకాలక్కా, ఒక్క మాట అడుగుతాను, ఆలోచించి చెప్పు. పులి నక్కని తినగా ఎప్పుడైనా చూశావా?"

"లేదు."

"ఎందుకు తినడంటావు?"

నూకాలు నిజంగానే ఆలోచించింది. "నీ కంపుకేమో బాబూ."

"కంపు కాదక్కా, హోదా!" అన్నాడు గుర్నాథం, కొంచెం నొచ్చుకుని. "నాది మూడో మెట్టు. పులికి రాసిపెట్టిన తిండి రెండో మెట్టు. నువ్వు నా మెట్టెక్కావనుకో, నీ మీద పంజా వెయ్యడానికి ఆయనకి అధికారమే లేదు. పానకాలు గారూ, అంతేనా?"

"అంతే. రూలు," అన్నాడు పానకాలు తలెత్తకుండానే.

"మెట్టెక్కడం ఎలా బాబూ?"

"ప్రమోషన్! మీ తాతలు జింకలు, ముత్తాతలు జింకలు, నువ్వూ జింకవే. ఇన్ని తరాల సర్వీసు చేసి ఒక్క మెట్టు ఎక్కారా? ఇంత అన్యాయం ఎక్కడైనా ఉందా? అర్జీ రాయించు. మీకొక్కళ్ళకే అడిగితే బాగుండదు. అడవి మొత్తానికి తలా ఒక మెట్టు అడుగు."

"మరి నేను నీ మెట్టెక్కితే నువ్వెక్కడికి పోతావు?"

గుర్నాథం కళ్ళు మూసుకుని పెద్ద నిట్టూర్పు విడిచాడు. "పై మెట్టుకి జరుగుతాను. ఏం చేస్తాం, మీ కోసం ఆ కష్టం పడతాను."

నూకాలు కళ్ళు తుడుచుకుని, ఆయనకి నాలుగు దణ్ణాలు పెట్టి వెళ్ళింది. పాపం, ఇంటికి వెళ్తూ దారిలో గంతులు కూడా వేసింది.

పులి నిద్ర లేచేసరికి గుర్నాథం తోకతో గాలి విసురుతూ సిద్ధంగా ఉన్నాడు.

"దొరవారూ, తమరీ కుర్చీలో ఎన్నాళ్ళ బట్టీ ఉన్నారు?"

"మీసాలొచ్చినప్పట్నుంచీ. ఏం?"

"ఒక్క ప్రమోషన్ కూడా లేకుండానే!"

పులి గోళ్ళు గీరుకోవడం ఆపాడు. "అవునయ్యోయ్! నాకెవరూ చెప్పలేదే!"

"అందరికీ తలా ఒక మెట్టు ఇమ్మని అర్జీ వచ్చింది. జింకకి వస్తోంది. గరికక్కూడా వస్తోంది. తమరు మాత్రం ఉన్నచోటే..."

"గరికక్కూడానా?" పులి లేచి నిలబడ్డాడు. "నేను తొక్కే గరిక కంటే తీసిపోయానా? నాకూ ఇవ్వు! ఇవాళే ఇవ్వు!"

"ఏ పోస్టుకి దొరా?"

"పై పోస్టుకి!"

"తమరి పైన ఏముందో మరి..."

"అది కనుక్కోడానికే కదయ్యా గుమాస్తా ఉన్నది! ఏమయ్యా పానకాలూ, నా పైన ఏముందో చూసి రా!"

పానకాలు పలక ముందు నిలబడి చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. నాలుగో మెట్టు తర్వాత పలక అయిపోయింది. అయినా రూలుందిగా! తినేవాడు పైన. అయితే పులిని తినేవాడెవడు? అది తేలితే పై పోస్టు ఏమిటో తేలిపోతుంది.

అంతకు కొద్దిరోజుల ముందే కొండ అవతల పులికి వరసకి బాబాయయ్యే ముసలి పులి ఒకటి కాలం చేసింది. పానకాలు ముక్కుకి ఆకు అడ్డం పెట్టుకుని ఆ శవం పక్కన కొన్నాళ్ళు కూర్చున్నాడు. ఈగలొచ్చాయి. రాబందులొచ్చాయి. తలా ఇంత తిని ఎగిరిపోయాయి. వచ్చిపోయేవాళ్ళని పర్మనెంటు స్టాఫుగా రాయడానికి రూలొప్పుకోదు, వదిలేశాడు. మిగిలిందంతా కుళ్ళి, నేలలో కలిసి, ఆఖర్న దాన్ని తీరిగ్గా, ఏ మాత్రం హడావుడి లేకుండా తినేసింది మాత్రం వానపాము.

"ఆహా!" అన్నాడు పానకాలు. "పులి పైన ఉన్నది నువ్వన్నమాట!"

"నేనా?" అంది వానపాము. జీవితంలో అది మాట్లాడిన మొదటి మాట అదే.

"మరి నీకూ ఒక మెట్టు ఇవ్వాలి. నిన్ను తినేదెవరు? పోనీ, నువ్వు చేసిన మట్టిని తినేదెవరు?"

"గరికండీ. దాని వేళ్ళకి ఆ మట్టంటే ప్రాణం."

"అయితే నువ్వు గరిక పోస్టుకి."

ఈ మాట అని పానకాలు ఆగిపోయాడు. నిచ్చెన పైకొస దాటి ఎక్కుతూ పోతే కింది కొస చేతికి తగులుతోందేమిటి? తల గిర్రున తిరిగింది. నిచ్చెన గుండ్రంగా ఉండొచ్చా అని రూలు వెతికాడు. ఉండకూడదని ఎక్కడా లేదు. అమ్మయ్య అనుకుని లేచాడు.

"అయ్యా, నాకు ఎండ పడదండీ," అని వానపాము వెనక నుంచి అరిచింది. "గరికలా ఎండలో నిలబడాలంటే ఎండి చస్తాను!"

"పైకి వెళ్ళేటప్పుడు కొంచెం ఇబ్బంది ఉంటుందమ్మా. సర్దుకుపోవాలి," అన్నాడు పానకాలు.

ఈ సంగతి విని గుర్నాథం కూడా ఒక్క క్షణం గతుక్కుమన్నాడు. పులి వెళ్ళి వానపాము అవుతానంటాడా? తనకి కావలసింది కుర్చీ ఖాళీ కావడం. అందుకని పోస్టుకి ఒక మంచి పేరు పెట్టించాడు. మర్నాడు అడవంతా పోగైతే, పానకాలు గొంతు సవరించుకుని చదివాడు.

"శ్రీ పులి దొరవారు నేటి నుంచి సమస్త నేలకూ అధిపతిగా నియమితులైనారు!"

"నేలంతా నాదేనా?" అన్నాడు పులి.

"పైనుంచి కింద దాకా, దొరా," అన్నాడు గుర్నాథం.

పులి మీసం దువ్వాడు. కోతి బంట్రోతు డప్పు వాయించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నూకాలు మందలో నిలబడి ఆనందంతో వెక్కి వెక్కి ఏడ్చింది. తనకిక చావు లేదు!

పానకాలు ఆ సాయంత్రం వరకూ ఆర్డర్లు రాస్తూనే ఉన్నాడు. పులికి ఒకటి, నక్కకి ఒకటి, వానపాముకి ఒకటి, గరికకి ఒకటి, మందలో ఉన్న జింకలకి తలా ఒకటి. "అబ్బా", "అబ్బా" అని పీక్కుంటూ పోగా పోగా ఆఖరి ఆర్డరు అయ్యేసరికి ఒంటి మీద ఒక్క ముల్లు లేదు. తొక్క తీసిన చిలగడదుంపలా నున్నగా తేలాడు. కోతి చూసి నవ్వితే, "ఆర్డర్లన్నీ చేరాయా లేదా, అది చెప్పు," అని కసిరాడు.

మర్నాటి నుంచి కొత్త డ్యూటీలు మొదలయ్యాయి.

నేలకి అధిపతిగారు పొద్దున్నే వాగు ఒడ్డున మూతి మట్టిలో పెట్టారు. వానపాము హోదాకి రాసిన తిండి మట్టీ, రాలిన ఆకులూను. మొదటి ముద్ద మింగి, కళ్ళు పెద్దవి చేసి, "కారం లేదేమిటయ్యా," అన్నారు. పై పోస్టులో తిండి ఇలాగే ఉంటుంది కాబోలనుకుని రెండో ముద్ద పెట్టుకున్నారు. పెద్ద ఉద్యోగం కదా, బాగాలేదంటే నలుగురూ ఏమనుకుంటారు?

జింకలకి నక్క హోదా గనక ఎలుకలూ పీతలూ తినాలి. సాయంత్రం హాజరుకి మూడు ఊళలు వెయ్యాలి. నూకాలు వాగులోకి దిగి ఒక పీతని పలకరించింది. అది ముక్కు పట్టుకుని సాయంత్రం దాకా వదల్లేదు. దాంతో ఊళ ఒక్కటే సరిగ్గా వచ్చింది.

గరికది ఇప్పుడు జింక హోదా. రోజూ పది గంతులు వేసి, కడుపునిండా గరిక తినాలి. "నన్ను నేనే తినాలా అయ్యా?" అని అది తలవంచుకుని అడిగింది. "ముందు గంతులు వెయ్యమ్మా, తిండి సంగతి తర్వాత," అన్నాడు పానకాలు. వంట పని దాని డ్యూటీ కాదని ఆర్డర్లో ఉంది గనక, పాపం ఆకులు ముడుచుకుని కూర్చుంది.

ఇక వంట మెట్టు మీద ఉండాల్సింది వానపాము. ఎండలో తోక మీద నిలబడ్డానికి ప్రయత్నించి, సొమ్మసిల్లి, ఒక రాతి కింద దూరి సెలవు పెట్టేసింది. ఆ ఖాళీలోకి ఇన్‌చార్జిగా కోతిని వేశారు. కోతి రెండు చేతులూ చాపి, నోరు తెరుచుకుని, ఎర్రటి ఎండలో మధ్యాహ్నం దాకా నిలబడ్డాడు.

"ఏం వండావు?" అని పానకాలు అడిగాడు.

"చెమటండీ," అన్నాడు కోతి.

మరి మన గుర్నాథం? కుర్చీలో కూర్చున్నాడు, కాలు మీద కాలు వేసుకున్నాడు, గుహ గాలి పీల్చాడు. "తిండి తెండి!" అని కేకవేశాడు. పానకాలు ఆకులో గుప్పెడు గరిక పట్టుకొచ్చి ముందు పెట్టాడు.

"ఇదేమిటి?"

"పులి హోదాకి రాసిన తిండి రెండో మెట్టువారు. రెండో మెట్టు మీద ఇప్పుడున్నది గరిక. ఆరగించండి."

"నేను పులిని! నాకు జింక కావాలి!"

"జింకలు మూడో మెట్టుకి వెళ్ళిపోయాయి. తమరే పంపించారు."

"పోనీ ఎలకలు?"

"అవి మూడో మెట్టువారి తిండి. తమరు అంతకు దిగజారితే కుర్చీ ఖాళీ చెయ్యాల్సొస్తుంది."

గుర్నాథం గరిక వంక చూశాడు. కుర్చీ వంక చూశాడు. తినడం మొదలెట్టాడు. వాంతి చేసుకున్నాడు, మళ్ళీ తిన్నాడు. కుర్చీ మాత్రం వదల్లేదు. అదెక్కడి ఆశో, నాకైతే ఇప్పటికీ అర్థం కాదు.

అలా తొమ్మిది రోజులు గడిచాయి. వండేవాళ్ళు లేక, మట్టి గుల్లచేసేవాళ్ళు లేక గరిక పచ్చదనం పోయి పసుపెక్కింది. రాలిన ఆకులు రాలినచోటే, చచ్చినవి చచ్చినచోటే పడున్నాయి. అడవంతా ముక్కు మూసుకుని తిరుగుతోంది. జింకల మంద పక్కటెముకలు ఎంచేట్టుగా తయారైంది. జింకపిల్లలు లేవలేక పడుకున్నాయి.

నూకాలు ఇక తట్టుకోలేక ఒక పొద చాటుకి వెళ్ళి నాలుగు పసుపు గడ్డిపోచలు నోట్లో పెట్టుకుంది. పానకాలు ఎక్కడి నుంచి చూశాడో, పరిగెత్తుకొచ్చాడు.

"ఏమ్మా! మూడో మెట్టు అధికారిణివి అయ్యుండి గడ్డి తింటావా? హోదాకి తగిన పనేనా ఇది?"

"ఆకలేస్తోంది బాబూ!"

"ఆకలికి రూలు లేదమ్మా."

"నాకీ ప్రమోషనొద్దు బాబూ! పులి ఉంటే ఎప్పటికో ఒకళ్ళం పోయేవాళ్ళం. ఇప్పుడు మందకి మందే పోతోంది. పిల్లలు లేవడం లేదు. రద్దు చెయ్యి, నీ కాళ్ళు పట్టుకుంటాను!"

పానకాలు తన నున్నటి వీపు తిప్పి చూపించాడు. "రద్దు చెయ్యాలంటే రాయాలి. రాయాలంటే ముళ్ళు మొలవాలి. మూడు నెలలాగి రా."

"మూడు నెలలకి మేమెక్కడుంటాం?"

"దానికి కూడా నా దగ్గర రూలు లేదమ్మా," అన్నాడు పానకాలు. కోపంగా అనలేదు. అదే ఇంకా ఒళ్ళు మండే సంగతి.

అప్పుడు నూకాలు ఎన్నడూ చెయ్యని పని ఒకటి చేసింది. తనంతట తనే పులి దగ్గరికి నడుచుకుంటూ వెళ్ళింది.

పులి వాగు ఒడ్డున పడుకుని ఉన్నాడు. మీసాల నిండా బురద. పొట్ట వీపుకి అంటుకుపోయింది.

"దొరా, ఎలా ఉన్నారు?"

"ఏముంది నూకాలూ, నేలంతా నాదే," అన్నాడు పులి నీరసంగా. "రుచే లేదు."

"ఒక్క సందేహం దొరా. పోస్టు పెద్దదే, కాదన్లేదు. కానీ తమరు పులి కదా, వానపాము తమరికన్నా పైన ఎందుకుందంటారు?"

ఈయన మళ్ళీ పులైతే అందరికన్నా ముందు పోయేది తనే. ఆ సంగతి నూకాలుకి బాగా తెలుసు. పొద దగ్గర లేవలేక పడున్న పిల్లలు కళ్ళ ముందు మెదిలారు. అందుకే అడిగింది.

"ఏమో, నాకూ తెలీదు," అన్నాడు పులి. "పద, పానకాల్ని అడుగుదాం."

ఇద్దరూ పక్కపక్కన నడుస్తూ ఆఫీసుకి వెళ్ళారు. దారిలో చూసినవాళ్ళు గుండెలు బాదుకున్నారు.

గుర్నాథం కుర్చీలో కూర్చుని మధ్యాహ్నం గరిక నములుతున్నాడు. "ఏం పని మీద వచ్చారు?" అన్నాడు దర్జాగా, నోట్లోంచి పోచ వేలాడుతుండగా.

పులి ఆయన్ని పట్టించుకోలేదు. "ఏమయ్యా పానకాలూ, నన్ను వానపామునెందుకు చేశావు?"

"రూలు దొరా. తినేవాడు పైన, తినబడేవాడు కింద. పులిని తినేది వానపాము. అందుకని పులి పైన వానపాము."

"మళ్ళీ చెప్పు."

"పులిని తినేది వానపాము."

"అంటే నా హోదాకి పులిని తినే హక్కుందా?"

"హక్కేమిటి దొరా, డ్యూటీ!"

పులి మెల్లిగా తల తిప్పాడు. "ఈ ఆఫీసులో ఇప్పుడు పులి ఎవరు?"

పానకాలు చూపుడుగోటితో కుర్చీ వైపు చూపించాడు. ఆయనకి గుర్నాథం మీద ఏ కక్షా లేదు. రికార్డు ప్రకారం అడిగారు, రికార్డు ప్రకారం చెప్పాడు.

గుర్నాథం నోట్లోంచి పోచ జారి కింద పడింది. "ఆగండాగండి! వానపాము తినేది చచ్చిన పులిని! బతికున్నదాన్ని కాదు! రూలు చూడండి పానకాలు గారూ!"

"నిజమే దొరా," అన్నాడు పానకాలు. "చచ్చిన తర్వాతే తినాలి."

"దాందేముందయ్యా," అన్నాడు పులి, పంజాల బురద నేలకి రాసి తుడుచుకుంటూ. "ఆ పని కూడా నేనే చేసుకుంటాను. మళ్ళీ నీకెందుకు శ్రమ?"

గుర్నాథం కుర్చీ వెనక్కి గెంతాడు. "నేను పులిని కాను! ఉట్టి నక్కని! నా ప్రమోషన్ రద్దు చెయ్యండి!"

"రాయడానికి ముళ్ళు లేవు," అన్నాడు పానకాలు. కాసేపు ఆలోచించాడు. "ఒక దారుంది. పులి హోదాలో ఉన్నవారు అందరి ముందూ నోటితో ప్రకటిస్తే చెల్లుతుంది."

గుర్నాథానికి ప్రాణం లేచొచ్చింది. కుర్చీ ఎక్కి, గుండె మీద చెయ్యేసుకుని, అడవంతా వినపడేలా అరిచాడు. "అందరూ వినండి! పులి హోదాలో ఉన్న నేను ప్రకటిస్తున్నాను! నేను పులిని..."

పులి మిగతాది వినలేదు.

ఆ రోజు ఆఫీసు ఒంటిపూటే నడిచింది.

తర్వాత పులి మూతి తుడుచుకుని కుర్చీలో కూర్చున్నాడు. రద్దు ఆర్డరు ఎవరూ రాయలేదు, ఎవరూ అడగలేదు. వానపాము రాతి కింద నుంచి నేలలోకి ఎప్పుడు జారిపోయిందో ఎవరూ చూడలేదు. కోతి చేతులు దించి నీడకి పోయాడు. గరిక ఆకు విప్పి మెల్లిగా పొయ్యి ముట్టించుకుంది. జింకలైతే ఆకలికి ఆగలేక, ముందు తమ ప్రమోషన్ ఆర్డర్లు నమిలి మింగేశాయి. టేకాకు కదా, బాగా ముదిరినా తిండే. నూకాలు తన ఆర్డరు నములుతూ, పిల్లలకి కూడా చించి పెడుతూ, అంత కష్టంలోనూ పకపకా నవ్వింది.

వానలు పడి అడవి మళ్ళీ పచ్చబడ్డాక, పానకాలుకి నాలుగు కొత్త ముళ్ళు మొలిచాయి. ముందుగా పలక కడిగి కొత్తగా గీశాడు. ఈసారి మెట్లు లేవు, గుండ్రంగా ఒక గీత. గరిక, జింక, నక్క, పులి, వానపాము, మళ్ళీ గరిక. "ఇతరములు" అని రాయడానికి చోటు లేకుండా పోయింది.

"ఇందులో నేను పైన ఎక్కడున్నానయ్యా?" అని పులి అడిగాడు. పానకాలు పలకని కొంచెం తిప్పి, పులిని పైకి తెచ్చి పెట్టాడు. పులి సంతోషించి గుహలోకి వెళ్ళగానే కోతి వచ్చి ఇంకోలా తిప్పాడు. ఆ రోజు నుంచీ ఆ పలకని ఎవడొస్తే వాడు తిప్పుతూనే ఉన్నాడు.

ఒక పొద్దున్న నూకాలు కొత్త గరిక మేస్తుంటే పులి ఎదురుపడ్డాడు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. పక్కపక్కన నడిచి ఆఫీసుకి వెళ్ళిన రోజు ఇద్దరికీ గుర్తుంది.

"నూకాలూ," అన్నాడు పులి కాస్త మొహమాటంగా, "నాకాకలేస్తోంది."

"తెలుసు దొరా. నా కడుపు మాత్రం నిండింది," అంది నూకాలు, నోట్లో ఉన్నది మింగి. భయం వేసింది. అయినా తొమ్మిది రోజుల అధికారంలో ఒక్క పూటైనా లేని హాయి కూడా కలిగింది.

"అయితే పరిగెడతావా?"

"పరిగెత్తక! మరి చస్తానా!" అని నూకాలు లంఘించింది. పులి వెంటపడ్డాడు. మట్టి తిని చెడిన కడుపు ఇంకా బాగుపడలేదు గనక వాగు దాకా వచ్చి ఆయాసపడి కూర్చున్నాడు. నూకాలు అవతలి గట్టెక్కి, వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ మేతలో పడింది.

కార్యదర్శి పోస్టు మాత్రం ఇప్పటికీ ఖాళీగానే ఉంది. అర్హులు చాలామందే ఉన్నారట, అర్జీ పెట్టినవాళ్ళే లేరు.

నీతి: మీ పైవాడి కుర్చీ మీద కన్నేసే ముందు, ఆ పైవాణ్ణి తినేది ఎవరో ఒక్కసారి కనుక్కోండి.